బెంగళూరు చుట్టుపక్కల తోట ఇంటికి ఏ ట్రాక్టర్? అద్దెది, పవర్ టిల్లర్, మినీ, నలభై హెచ్‌పీ: ఎవరికి ఏది

బెంగళూరులో ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, గౌరిబిదనూరు, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు, లేదంటే హద్దు దాటి హిందూపురం, పలమనేరు వైపు మూడు నాలుగు ఎకరాలు కొని ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. షోరూములో అడుగుపెట్టగానే వీళ్లడిగే మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ తీసుకోమంటారు?" నిజానికి అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. బండి దూరాల్సిన అతి ఇరుకు చోటు ఎంత, దాని వెనక ఏ పనిముట్టు కట్టాలి, ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుంది, నడిపేది ఎవరు అన్న నాలుగూ తేలితే హెచ్‌పీ దానంతట అదే తేలుతుంది. ఇవి తేలకుండా కొన్న బండ్లు రెండేళ్లకే షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతుంటాయి, లేదా నష్టానికి అమ్ముడుపోతుంటాయి.

ముందు టేపు, తర్వాత షోరూము

తోటలోకి టేపు పట్టుకుని వెళ్లి నాలుగు కొలతలు రాసుకోండి. ఒకటి, గేటు లోపలి వెడల్పు. రెండు, సాళ్ల మధ్య దూరం; మొక్క మొదలు నుంచి మొదలుకు కాదు, కొమ్మ చివర నుంచి కొమ్మ చివరకు. మూడు, కింది కొమ్మల ఎత్తు, లేదా ద్రాక్ష పందిరి ఎత్తు. నాలుగు, సాలు చివర బండి తిరగడానికి మిగిలిన జాగా. చాలామంది మరిచిపోయేది ఈ నాలుగోదే. కంచె వరకూ మొక్కలు పెట్టేసిన తోటలో ఎంత చిన్న ట్రాక్టరైనా ప్రతి సాలు చివరా ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు ఆడాల్సి వస్తుంది. ఆ ఆటలోనే డ్రిప్పు పైపులు తెగుతాయి, మొక్కల బెరడు చెక్కుకుపోతుంది. మినీకి వెనక పనిముట్టుతో కలిపి 10 నుంచి 12 అడుగులు, నలభై హెచ్‌పీ బండికి 16 నుంచి 18 అడుగులు వదిలితే సుఖం.

మల్బరీ జత సాళ్ల పద్ధతిలో, అంటే మూడడుగులు, ఐదడుగులు మార్చి మార్చి నాటితే, బండి నడిచేది ఆ ఐదడుగుల సందులో. అక్కడ నాలుగడుగులకు మించిన వెడల్పు బండి పనికిరాదు. మూడున్నర అడుగులదైతే కొమ్మలు విరగవు. తొమ్మిది అడుగుల ఎడంతో పెట్టిన పోకతోటలో మినీ ఇబ్బంది లేకుండా తిరుగుతుంది. కొబ్బరి 25 అడుగుల ఎడం కాబట్టి ఏ బండైనా సరే. మామిడి పాత పద్ధతిలో పది మీటర్లు, దగ్గర నాటిన కొత్త తోటల్లో ఐదు మీటర్లు. ఐదు మీటర్లంటే వినడానికి చాలా అనిపిస్తుంది. ఏడేళ్లయ్యాక ఆ కొమ్మల మధ్య మిగిలేది ఆరేడు అడుగులే, అదీ వంగిన కొమ్మల కింద. నిలువుగా లేచిన సైలెన్సరు అక్కడ ఆకుల్ని మాడుస్తుంది, కొమ్మకు తగిలి మూల దగ్గర పగులుతుంది. తోటకే బండి కొంటుంటే సైలెన్సరు కిందికి ఉన్న మోడల్, వెనక రక్షణ చట్రం మడిచే వీలున్న మోడల్ అడగండి.

సామాన్యంగా 24 హెచ్‌పీ నాలుగు చక్రాల చోదకం (ఫోర్ వీల్ డ్రైవ్) ఉన్న మినీ వెడల్పు మూడున్నర నుంచి నాలుగడుగులు. నలభై హెచ్‌పీ బండి ఐదున్నర అడుగులు. ఈ రెండడుగుల తేడాయే చాలామందికి ఎంపికను తేల్చేస్తుంది.

మన ఎర్ర నేల సంగతి

కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల ఎర్ర నేల తడిగా ఉంటే మెత్తగా లొంగుతుంది, ఆరితే గట్టిపడి పెళ్లలు లేస్తుంది. దుక్కికి పదును ఉండేది వాన పడ్డ రెండో రోజు నుంచి నాలుగైదు రోజులు మాత్రమే. మే నెల వానలకు ఊళ్లో అందరికీ ఒకేసారి ట్రాక్టర్ కావాలి. చిన్న కమతం వాడి వంతు వచ్చేసరికి నేల ఆరిపోయి ఉంటుంది. ఆరిన నేలలో రోటావేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని పొడి చేసే పనిముట్టు) వేస్తే పైన రెండంగుళాలు పొడి అవుతుంది, కింద రాయిలా మిగిలిపోతుంది. సొంత బండి కొనడానికి గట్టి కారణం ఇదొక్కటే. డబ్బు లెక్కలో సొంత బండి చాలామందికి గిట్టదు, దాని గురించి కింద వివరంగా చూద్దాం.

రెండో సంగతి రాళ్లు, మొద్దులు. ఈ ప్రాంతంలో కొన్న భూముల్లో చాలావాటిలో ఒకప్పుడు నీలగిరి తోపులు ఉండేవి. పైకి శుభ్రంగా కనిపించినా అడుగు లోతులో మొద్దులుంటాయి. అలాంటి నేలలో మొదటి దుక్కికి కొత్త మినీ ట్రాక్టర్‌నీ కొత్త రోటావేటర్‌నీ దించకండి. మొద్దులు తీయడానికి జేసీబీ, తర్వాత ఒకసారి లోతు దుక్కికి 45 హెచ్‌పీ పైబడిన అద్దె బండి, అప్పుడు మీ బండి. గొలుసు కట్టి ట్రాక్టర్‌తో మొద్దు లాగే పనిలో బండ్లు వెనక్కి తిరగబడతాయి. గొలుసును టాప్ లింకుకో (పనిముట్టును పైన పట్టే కడ్డీ) వెనక ఇరుసుకో ఎత్తులో కడితే లాగే బలం ముందు చక్రాలను పైకి లేపుతుంది. బండి వెల్లకిలా పడడానికి రెండు సెకన్లు చాలు, క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు. ఏది లాగినా వెనక కింద ఉండే లాగుడు పట్టీకే, అంటే డ్రాబారుకే కట్టాలి.

అద్దె బండి: రెండెకరాల వాళ్లకు సరైనది ఇదే

రెండెకరాల లోపు, అందులో సగం ఇల్లు, వాకిలి, చెట్లు అయితే ట్రాక్టర్ కొనకండి. ఊళ్లో అద్దె బండి, దానికి తోడు భుజాన వేసుకునే బ్రష్ కట్టరు, అవసరమైతే కలుపు తీసే ఏడు హెచ్‌పీ పవర్ వీడరు చాలు. కర్ణాటకలో కృషి యంత్రధారె కేంద్రాలు హోబళి (తాలూకాలో కొన్ని ఊళ్లు కలిపిన భాగం) స్థాయిలో ఉన్నాయి. ప్రైవేటు వాళ్ల కన్నా తక్కువ బాడుగకు పనిముట్లతో సహా దొరుకుతాయి. చిక్కు పదును రోజుల్లోనే. దానికో ఉపాయం ఉంది. పక్క నలుగురైదుగురు చిన్న రైతులతో కలిసి పన్నెండు పదిహేను ఎకరాల పని ఒకే రోజుకు పెట్టుకుంటే బండివాడు మీ దగ్గరకే ముందు వస్తాడు. ఒక ఎకరం కోసం పది కిలోమీటర్లు రావడం ఎవరికీ గిట్టదు.

పవర్ టిల్లర్: మాగాణికి మంచిది, మెట్టకు కష్టం

పవర్ టిల్లర్ అంటే వెనక నడుస్తూ చేత్తో పట్టుకుని తోలే రెండు చక్రాల బండి. బెంగళూరు కంపెనీ వీఎస్‌టీ వాళ్ల 13 హెచ్‌పీ టిల్లరు, కేరళ ప్రభుత్వ సంస్థ కామ్‌కో టిల్లరు ఈ ప్రాంతంలో బాగా తెలిసినవి. గంటకు లీటరున్నర లోపు డీజిల్‌తో నడుస్తాయి, రెండడుగుల వెడల్పు దున్నుతాయి, ధర మినీ ట్రాక్టర్‌లో సగం కన్నా తక్కువ. కూరగాయల మడులు, చెరువు కింద వరి, నీళ్లు పెట్టి మెత్తబడిన పోకతోట అయితే వీటి పనితనానికి వంక పెట్టలేం.

ఆరిన ఎర్ర నేలలో మాత్రం టిల్లరు గెంతుతుంది. పట్టుకున్నవాడి భుజాలు, నడుము రెండు గంటలకే పట్టేస్తాయి. నగరం నుంచి వారానికోసారి వచ్చి తానే దున్నుకుందామనుకునే యాభై ఏళ్ల మనిషికి దీన్ని సిఫారసు చేయలేం. వెనక్కి నడిపేటప్పుడు తిరుగుతున్న బ్లేడ్లు కాళ్ల మీదికి వస్తాయి కాబట్టి రివర్సులో రోటరీని తప్పక ఆపాలి. ఇది కూలివాళ్లకు ఒకసారి చెబితే సరిపోదు, ప్రతిసారీ చెప్పాలి.

మినీ, నలభై హెచ్‌పీ: ఒకే ధర, రెండు వేర్వేరు బండ్లు

షోరూములో వినిపించే మాట ఇది: "సార్, ఇదే డబ్బుకు పెద్ద బండి వస్తుంది కదా, చిన్నది ఎందుకు?" మాట నిజమే. 24 నుంచి 28 హెచ్‌పీ నాలుగు చక్రాల చోదకం ఉన్న మినీ సుమారు ఐదున్నర నుంచి ఏడున్నర లక్షల మధ్య పడుతుంది. రెండు చక్రాల చోదకం ఉన్న 36 నుంచి 40 హెచ్‌పీ బండి కూడా దాదాపు ఆ పరిధిలోనే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత కొటేషన్ చేతిలో ఉంటే పక్కన పడేసి కొత్తది రాయించుకోండి.

ధర ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ? బరువులో, వెడల్పులో, లాగే పనిలో. నలభై హెచ్‌పీ బండి, ఉదాహరణకు మహీంద్రా 275 డీఐ గానీ, చెన్నై సంస్థ టాఫే వాళ్ల మాసీ ఫెర్గూసన్ 1035 డీఐ గానీ, టన్నున్నర దాటి బరువుంటుంది. ఆ బరువే దాని బలం. తొమ్మిది కొర్రుల కల్టివేటరును లాగుతుంది, ఐదడుగుల రోటావేటరును తిప్పుతుంది, మూడు టన్నుల ట్రాలీని ఎత్తు ఎక్కిస్తుంది, దిగేటప్పుడు ఆపుతుంది. ఊళ్లో ప్రతి మెకానిక్కుకూ దాని లోపల ఏముందో తెలుసు. విడిభాగాలు తాలూకా కేంద్రంలోనే దొరుకుతాయి, అమ్మితే మంచి ధర వస్తుంది.

మినీల్లో మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బి2441 రెండూ 24 హెచ్‌పీ. మొదటిది రెండు సిలిండర్లు, రెండోది మూడు. రెండింటి లిఫ్టు సామర్థ్యం, అంటే వెనక పనిముట్టును ఎత్తే బలం, 750 కిలోలు. జహీరాబాదులో తయారయ్యే మహీంద్రా ఓజా 2127ది 27 హెచ్‌పీ, లిఫ్టు 950 కిలోలు. జాన్ డీర్ 3028 ఈఎన్ 28 హెచ్‌పీ, 910 కిలోలు, ధర కూడా ఎక్కువే. మూడు సిలిండర్ల బండి అదురు తక్కువ, చప్పుడు తక్కువ. వారాంతంలో ఆరు గంటలు తానే నడిపే యజమానికి ఈ తేడా సాయంత్రానికి ఒంట్లో తెలుస్తుంది. స్వరాజ్ 717 లాంటి 15 హెచ్‌పీ ఒంటి సిలిండరు, రెండు చక్రాల చోదకం బండ్లు చవక. మందు కొట్టడానికి, చిన్న ట్రాలీకి, మెత్తటి తోట నేలకు సరిపోతాయి. ఎర్ర మెట్టలో రోటావేటర్ పనికి మాత్రం అవి చాలవు.

మా తీర్పు ఇలా ఉంటుంది. మూడు నుంచి ఏడెనిమిది ఎకరాలు, సగానికి పైగా తోట, సాళ్ల మధ్య పది అడుగుల లోపు చోటు: నాలుగు చక్రాల చోదకం ఉన్న మినీ, 24 కన్నా 27, 28 మేలు. ఎనిమిది ఎకరాలు దాటి, ఎక్కువ భాగం రాగి, వేరుశనగ, అనప లాంటి బయలు పైరు: నలభై హెచ్‌పీ, సందేహం వద్దు. మూడున్నర ఎకరాల మామిడి తోటకు నలభై హెచ్‌పీ కొని చుట్టూ ఊరికి బాడుగకు తిప్పి వాయిదాలు కట్టుకుందామనే ఆలోచన మాత్రం వదిలేయండి. బాడుగ తిప్పడం పూర్తి సమయం పని. రోజూ అక్కడే ఉండే మనిషి, బాకీలు వసూలు చేసే మనిషి ఉంటేనే అది నిలుస్తుంది.

గంటల లెక్క

మీ అంకెలు పెట్టి ఈ లెక్క ఒకసారి వేయండి. బండి ఆరున్నర లక్షలు, పనిముట్లు లక్షన్నర, మొత్తం ఎనిమిది లక్షలు అనుకుందాం. పదేళ్లకు మూడు లక్షలు వస్తే ఏడాదికి యాభై వేలు తరుగు. పెట్టుబడి మీద వడ్డీ సగటున మరో యాభై వేలు. బీమా, సర్వీసు, బ్యాటరీ, టైర్ల వంతు ఇరవై వేలు. బండి షెడ్డులోంచి కదలకపోయినా ఏడాదికి 1,20,000 ఖర్చు.

ఇప్పుడు ఊళ్లో రోటావేటర్ బాడుగ గంటకు 1,200 అనుకోండి, డీజిల్, డ్రైవరు అందులోనే. మీ మినీ గంటకు మూడు లీటర్లు తాగుతుంది. లీటరు 92 అనుకుంటే 276. మీరే నడిపితే గంటకు మిగిలేది సుమారు 920. ఆ లెక్కన 1,20,000 రావాలంటే ఏడాదికి 130 గంటలు బండి తిరగాలి. మనిషిని పెడితే 155 గంటలు దాటుతుంది.

మరి నాలుగెకరాల తోటకు నిజంగా ఎన్ని గంటలు? నాలుగడుగుల రోటావేటర్ గంటకు రెండున్నర కిలోమీటర్ల వేగంతో, మలుపులు కలుపుకుంటే, ఎకరానికి గంటా ముప్పావు. నాలుగెకరాలకు ఏడు గంటలు. ఏడాదికి ఆరు విడతలు వేసినా 42 గంటలు. గడ్డి కోత, మందు, ఎరువు తోలడం, నీళ్లు కలిపితే 90, 100. అంటే డబ్బు పరంగా బాడుగ బండే చవక. అయినా కొనే వాళ్లు పదును దొరకడం కోసం, అడిగిన పూటే పని జరగడం కోసం ఆ తేడాను భరిస్తున్నారని తెలిసి కొనాలి. ఏడాదికి ముప్పై నలభై వేల తేడాకు ఆ సౌకర్యం దక్కితే తప్పు కాదు. ఇరవై ముప్పై గంటల పనికి కొంటే మాత్రం తప్పే.

అప్పు తీసుకుంటే వడ్డీ ఫ్లాట్‌గా (చివరిదాకా మొదటి అసలు మొత్తం మీదే) చెప్పారా, తగ్గే అసలు మీద చెప్పారా అని అడగండి. ఐదేళ్లకు 8 శాతం ఫ్లాట్ అంటే నిజానికి 14 శాతం దరిదాపుల్లో పడుతుంది.

బ్రోషరులో చూడాల్సినవి

పెద్ద అక్షరాల్లో వేసేది ఇంజను హెచ్‌పీ. రోటావేటరును తిప్పేది పీటీవో (ఇంజను బలాన్ని పనిముట్టుకు అందించే వెనక షాఫ్టు) హెచ్‌పీ, అది అంతకన్నా తక్కువ ఉంటుంది. మెట్ట ఎర్ర నేలలో రోటావేటరు ఒక్కో అడుగు వెడల్పుకు ఏడు ఇంజను హెచ్‌పీ పైన లెక్కేసుకోండి. 24 హెచ్‌పీకి మూడు లేదా మూడున్నర అడుగులు, 28కి నాలుగు, నలభైకి ఐదు. డీలరు 24 హెచ్‌పీ బండికి నాలుగున్నర అడుగులది అంటగడితే తడి నేలలో తిరుగుతుంది, గట్టి నేలలో ఇంజను గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది, క్లచ్ ప్లేటు ఏడాదికే పోతుంది.

అదే సమయంలో రోటావేటరు వెనక చక్రాల జాడను కప్పాలి. చక్రాల బయటి వెడల్పు 44 అంగుళాలు, రోటావేటరు 36 అంగుళాలు అయితే రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు తొక్కిన నేల అలాగే మిగులుతుంది. మినీల్లో వెనక రిమ్ములు తిప్పి బిగిస్తే చక్రాల ఎడం తగ్గుతుంది. డెలివరీకి ముందే చేయించుకోండి. చెట్టు మొదళ్ల దాకా దున్నాలంటే పక్కకు జరిపి కట్టే వీలున్న రోటావేటరు అడగాలి.

లిఫ్టు సామర్థ్యం 750 కిలోలు అని రాసేది కింది లింకుల (పనిముట్టును కింద పట్టే రెండు చేతుల) చివర కొలిచింది. బరువు అక్కడి నుంచి ఎంత వెనక్కి వెళితే అంత తగ్గుతుంది. ఇంకో సంగతి, లిఫ్టు ఎత్తగలిగినా ముందు చక్రాలు నేలకు ఆనాలి కదా. మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు ఇరుసు మీద లేకపోతే స్టీరింగు మాట వినదు. బరువైన పనిముట్టు కడితే ముందు బంపరు బరువులు కూడా కొనాలి, వాటి ధర కొటేషన్లో అడిగి రాయించండి.

క్లచ్ రకం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఒంటి క్లచ్ బండిలో పెడలు తొక్కితే బండీ ఆగుతుంది, పీటీవో కూడా ఆగుతుంది. గడ్డి దట్టంగా అడ్డం వచ్చినప్పుడు బండి ఆగి రోటావేటరు మాత్రం తిరగాలి. అందుకు డ్యూయల్ క్లచ్ లేదా విడిగా నడిచే పీటీవో కావాలి. ఒంటి క్లచ్ బండికి గడ్డి కోసే స్లాషరు కడితే ఇంకో ప్రమాదం ఉంది. క్లచ్ తొక్కినా తిరుగుతున్న బ్లేడ్ల ఊపు గేరుబాక్సును తిప్పి బండిని ముందుకు తోస్తుంది. ఎదుట గోడో మనిషో ఉంటే అంతే. పీటీవో మీద ఓవర్‌రన్నింగ్ కప్లరు అనే చిన్న భాగం బిగిస్తే ఈ బెడద పోతుంది. తోటలో తీగలు, డ్రిప్పు పైపు ముక్కలు చుట్టుకునే వాళ్లకు వెనక్కి కూడా తిరిగే రివర్స్ పీటీవో చాలా ఉపయోగం. లేకపోతే కింద పడుకుని కత్తితో కోయాలి, అదీ ఇంజను ఆపి తాళం చెవి జేబులో వేసుకున్నాకే.

నాలుగు చక్రాల చోదకం మన వాలు నేలలకు, తడి తోటలకు నిజంగా పనికొస్తుంది. తేలికపాటి మినీకి అది లేకపోతే సగం బలం చక్రాలు జారడంలోనే పోతుంది. అయితే రెండు జాగ్రత్తలు. తారు రోడ్డు మీద ముందు చోదకం తప్పక విడిపించాలి, లేకపోతే టైర్లు అరిగి ముందు గేర్లు దెబ్బతింటాయి. టైరు పోతే ఏ సైజు దొరికితే అది వేయకూడదు. ముందు, వెనక చక్రాల చుట్టుకొలతల నిష్పత్తి లెక్క కట్టి పెట్టింది, అది మారితే చోదక భాగాలు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి.

ఏ పనిముట్లు, ఏ వరుసలో

అందరూ మొదట రోటావేటరు కొంటారు. మా సలహా మొదట స్ప్రింగు కల్టివేటరు. మినీకి ఐదు కొర్రులు, నలభైకి తొమ్మిది. రాయి తగిలితే కొర్రు వెనక్కి వంగి మళ్లీ లేస్తుంది కాబట్టి రాళ్ల నేలకు అదే సరి. గరిక, తుంగ ఉన్న తోటలో రోటావేటరు వేస్తే వేళ్లు ముక్కలై ప్రతి ముక్కా మొలుస్తుంది, నెల తిరిగేసరికి గడ్డి రెండింతలు. వేసవిలో కల్టివేటరుతో వేళ్లు పైకి లేపి ఎండకు వదిలితే చస్తుంది. ఏడాదంతా రోటావేటరే వేస్తే నాలుగైదు అంగుళాల కింద గట్టి పొర కడుతుంది, వాన నీళ్లు దిగవు. రెండు మూడేళ్లకోసారి అద్దె బండితో లోతుగా చీల్చే దుక్కి వేయించాలి.

మామిడి తోటలో నిజానికి దున్నడం కన్నా గడ్డి కోత ఎక్కువ. స్లాషరుతో కోసి చెట్ల కింద పరిస్తే తేమ నిలుస్తుంది, వాలు నేలలో మన్ను కొట్టుకుపోదు. వయ్యారిభామ పూతకు రాకముందే కోయాలి. తోట ఉన్నవాళ్లు రోటావేటరు అద్దెకు తెచ్చుకుని స్లాషరు సొంతంగా కొనుక్కోవడం ఎన్నో విధాల మేలు.

ట్రాలీ, నీళ్ల ట్యాంకరు దగ్గర మినీ యజమానులు గీత దాటుతుంటారు. మూడు వేల లీటర్ల ట్యాంకరు అంటే నీళ్లే మూడు టన్నులు. టన్ను దరిదాపుల్లో బరువుండే మినీ దాన్ని చదునులో లాగేస్తుంది, దిగువకు వస్తున్నప్పుడు ఆపలేదు. బరువు వెనక నుంచి తోసి బండిని అడ్డం తిప్పేస్తుంది. మినీకి వెయ్యి లీటర్ల ట్యాంకు, టన్నున్నర ట్రాలీ హద్దుగా పెట్టుకోండి. రోడ్డెక్కే ముందు ఎడమ కుడి బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం వేయాలి. వేగంలో ఒక్క పక్క బ్రేకు పడితే బండి బోల్తానే. గుంతలు తీసే ఆగరు ఏడాదికి ఒకటి రెండు రోజుల పని, దాన్ని అద్దెకు తెచ్చుకోండి. ముందు లోడరు బకెట్టు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ మినీ ముందు ఇరుసుకు అది భారం. ఆ డబ్బుతో ఎన్నో ఏళ్లు జేసీబీ బాడుగ కట్టొచ్చు.

పీటీవో షాఫ్టును మీ బండికి సరిపోయేలా కోసి ఇవ్వాలి. లోపలి గొట్టం బయటి గొట్టంలో కనీసం మూడో వంతు పొడవు ఎప్పుడూ ఉండాలి. పొడవు ఎక్కువైతే పనిముట్టు ఎత్తగానే గేరుబాక్సును పొడుస్తుంది, తక్కువైతే పనిలో ఊడి కొరడాలా తిరుగుతుంది. ప్లాస్టిక్ తొడుగు తీసేసి నడిపే అలవాటు వదలాలి. పంచె కొంగో చీర చెంగో చుట్టుకుంటే మనిషిని లాక్కోవడానికి క్షణం చాలు.

వారాంతపు యజమానికి వచ్చే తంటాలు

ట్రాక్టర్ నడిచి పాడయ్యే దానికన్నా నిలబడి పాడయ్యేది ఎక్కువ. వారాల తరబడి ఆగితే బ్యాటరీ దిగుతుంది. నెగటివ్ తీగకు స్విచ్చు పెట్టించి వెళ్లేటప్పుడు కట్ చేయండి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ భాగాలున్న కొత్త మోడళ్లలో అది పెద్ద ఖర్చు. బానెట్ కింద గడ్డి, ఆకులు నిలవకుండా చూడాలి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చలికి లోపల నీటి చెమ్మ పడుతుంది, అది ఇంజెక్టర్ల దాకా వెళుతుంది. నింపి వెళ్లడం మంచిది, మూతకు తాళం వేసి. వెళ్లినప్పుడల్లా ఇరవై నిమిషాలు, ఇంజను బాగా వేడెక్కేదాకా నడపండి. రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే మేలు కన్నా కీడే.

గడ్డి కోసేటప్పుడు రేడియేటరు ముందు జాలీ విత్తనాలతో, పొట్టుతో మూసుకుపోతుంది. గంటకోసారి చేత్తో తుడవకపోతే ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటుతుంది. ఎర్ర దుమ్ములో పనిచేసిన రోజు ఎయిర్ క్లీనరు చూడాలి. ఆయిల్ బాత్ రకమైతే గిన్నె దించి మట్టి పేరిన నూనె మార్చాలి. కొత్త బండికి మొదటి సర్వీసు సుమారు 50 గంటలకు. ఆ నూనెలో కొత్త గేర్ల ఇనుప పొడి ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఏడాదికి 80 గంటలే నడిచినా ఇంజన్ ఆయిల్ ఏడాదికోసారి మార్చాల్సిందే.

అందుకే కంపెనీ పేరు కన్నా తోటకు నలభై కిలోమీటర్ల లోపు సర్వీసు కేంద్రం ఉందా అన్నది ముందు చూడాలి. బెంగళూరు షోరూములో కొని ముళబాగిలు అవతల పెట్టుకుంటే మెకానిక్కు రావడానికి వారం పడుతుంది. మీ తాలూకా కేంద్రంలోని డీలరు దగ్గరకెళ్లి మీరు కొనబోయే మోడలు క్లచ్ ప్లేటు, డీజిల్ ఫిల్టరు, ముందు ఇరుసు సీలు ఇప్పుడు స్టాకులో ఉన్నాయా అని అడగండి. జవాబు తడబడితే ఆ మోడలు వదిలేయండి.

పాత బండి, కాగితాలు

మదనపల్లె, హిందూపురం, చింతామణి వైపు పాత నలభై హెచ్‌పీ బండ్లు చాలా దొరుకుతాయి; వాటి మరమ్మతు తెలిసినవాళ్లూ ఉన్నారు. పాత మినీ కొనేటప్పుడు జాగ్రత్త, ముందు చోదకం మరమ్మతు ఖరీదు. చూడ్డానికి వెళ్లేటప్పుడు ఇంజను చల్లగా ఉండగానే వెళ్లండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉంటే స్టార్టు కావడంలో ఏదో దాస్తున్నారు. ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుమంటే పిస్టన్ రింగులు అరిగాయి. రోటావేటరు ఎత్తి ఇంజను ఆపి అరగంట చూడండి, మెల్లగా దిగిపోతే హైడ్రాలిక్కులో లీకు. ముందు చక్రం జాకీ మీద లేపి ఊపితే కింగ్ పిన్ను (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్ను) వదులైందో లేదో తెలుస్తుంది. ఆర్‌సీ మీద అప్పు గుర్తు ఉంటే బ్యాంకు కాగితం రాకుండా డబ్బు ఇవ్వొద్దు. ఆంధ్ర నంబరు బండిని కర్ణాటకలో పన్నెండు నెలలు దాటి ఉంచితే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం)తో ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి.

కారు నడిపే మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు ట్రాక్టర్‌కు సరిపోతుంది. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషను ఉండాలి. మడ్‌గార్డు మీద మనిషిని కూర్చోబెట్టుకుంటే బీమా వర్తించదన్న వాదన వస్తుంది, అంతకన్నా ముందు ఆ మనిషి వెనక చక్రం కింద పడే ప్రమాదం ఉంది.

సబ్సిడీ కావాలంటే ముందు మీ హోబళి రైతు సంపర్క కేంద్రానికి వెళ్లండి. పహాణీ, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఫ్రూట్స్ (కర్ణాటక రైతుల నమోదు వ్యవస్థ) గుర్తింపు సంఖ్య అడుగుతారు. ఏ హెచ్‌పీ వరకు, ఏ వర్గానికి ఎంత అన్నది ఆ ఏటి ఉత్తర్వును బట్టి ఉంటుంది. మంజూరు కాగితం రాకముందే బండి కొనేస్తే ఆ బిల్లుకు సబ్సిడీ రాదు.

డెలివరీ రోజు

బండి మీ తోటకు తెప్పించి అక్కడే తీసుకోండి, షోరూము ముందు పూజ చేసి ఫొటో దిగి కాదు. ఛాసిస్, ఇంజను నంబర్లు బిల్లుతో సరిచూడండి. అవర్ మీటరు రెండు మూడు గంటలకు మించి ఉంటే ఎందుకో అడగండి. టైర్ల మీద తయారీ వారం, సంవత్సరం అంకెలు ఉంటాయి, యార్డులో ఏడాదికి పైగా ఎండిన బండి కావొచ్చు. రోటావేటరు కట్టి మీ గట్టి నేలలోనే ఒక సాలు వేయించండి. మొదటి యాభై గంటలు ట్రాలీ నిండా బరువు వేయకండి. ఎనిమిది పది గంటలు నడిచాక వెనక చక్రాల నట్లు, ముందు ఇరుసు బోల్టులు, రోటావేటరు బ్లేడ్ల నట్లు మళ్లీ ఒకసారి స్పానరు వేసి బిగించండి. కొత్త బండిలో అవి తప్పకుండా కొద్దిగా వదులవుతాయి.